సంతకం పెట్టే ముందు: ‘ఇంకో ఏడాది ఇదే క్లాసు’ అని ప్రైవేటు బడి అన్నప్పుడు తల్లిదండ్రుల హక్కులు

ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనూ ప్రైవేటు బడుల ముందు బైకులు బారులు తీరి ఉంటాయి. పరీక్షలు అయిపోయి ప్రోగ్రెస్ కార్డులు చేతికిచ్చే రోజులవి. చాలామంది తల్లిదండ్రులు కార్డు చూసుకుని, సంతకం పెట్టి ఐదు నిమిషాల్లో బయటపడతారు. కొందరిని మాత్రం ‘మీరు కాస్త ఆగండి, ప్రిన్సిపాల్ మేడమ్ మాట్లాడాలంటున్నారు’ అని పక్కన కూర్చోబెడతారు. అలా ఆగమన్నప్పుడే సగం మందికి టెన్షన్ మొదలవుతుంది.

కొండపి వైపు పొగాకు పండించే ఒక కుటుంబం పిల్లల చదువు కోసం ఒంగోలులో అద్దెకుంటోందని అనుకుందాం. నాలుగో తరగతి పిల్లాడు. లెక్కల్లో 80కి 22. ఇంగ్లిష్ పేరా చదవమంటే రెండో లైను దగ్గర ఆగిపోతాడు. ప్రిన్సిపాల్ గది లోపల గొంతు మెత్తగానే ఉంటుంది. ‘బేస్ చాలా వీక్‌గా ఉంది సార్. ఇప్పుడే పైకి పంపితే బాబే ఇబ్బంది పడతాడు. ఇంకో ఏడాది ఇదే క్లాసులో ఉంటే గట్టిపడతాడు. మీ మంచికే చెబుతున్నాం.’ ఆ వెంటనే టేబుల్ మీదికి ఒక కాగితం వస్తుంది. అది ముందే టైప్ చేసి ఉంటుంది. పిల్లవాడి పేరు, తరగతి, తండ్రి సంతకం, ఈ మూడే ఖాళీలు. మిగిలిన వాక్యం ఇలా సాగుతుంది: ‘మా అబ్బాయి చదువులో వెనుకబడి ఉన్నందున, మా ఇష్టపూర్వకముగా, తిరిగి నాలుగవ తరగతిలోనే కొనసాగించవలసినదిగా కోరుచున్నాము.’ పెన్ను మూత కూడా వాళ్ళే తీసి ఇస్తారు.

ఈ వ్యవహారంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది మార్కుల జాబితాను కాదు, ఆ వాక్యం చివర ఉన్న ‘కోరుచున్నాము’ అనే మాటను. పిల్లవాణ్ని ఆపాలని అన్నది బడి. కాగితంలో కోరుతున్నది తండ్రి. సంతకం పడిన క్షణంలో నిర్ణయం చేతులు మారిపోతుంది. రేపు మండల విద్యాశాఖాధికారి అడిగితే ‘మేమేం ఆపలేదు సార్, పేరెంట్సే రాసిచ్చారు’ అని చూపించడానికి బడికి ఒక ఆధారం దొరుకుతుంది. బడికి నిజంగా ఆపే అధికారం ఉంటే తల్లిదండ్రుల చేత ఇలా రాయించుకోవాల్సిన పని ఉండదు. ఆ అధికారం లేదు కాబట్టే ఆ కాగితం పుట్టింది.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ 21ఏ అధికరణం ద్వారా 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. దాన్ని అమలుచేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 16వ సెక్షన్ మొదట్లో ఒక్క ముక్కలో తేల్చేసింది: ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ ఏ తరగతిలోనూ ఆపకూడదు, బడి నుంచి తీసేయకూడదు.

దీని మీద విమర్శలు వచ్చాయి. చదవడం రాకుండానే పిల్లలు ఎనిమిదికి చేరిపోతున్నారన్నది అందులో ప్రధానమైనది. అది తీసిపారేయాల్సిన మాట కాదు. పార్లమెంటు 2019 జనవరిలో ఆ సెక్షన్‌ను మార్చింది. అయిదు, ఎనిమిది తరగతుల్లో ఏడాది చివర పరీక్ష పెట్టాలి. తప్పిన పిల్లలకు అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే, ప్రభుత్వం అనుమతి ఇచ్చి ఉంటేనే, ఆ తరగతిలో ఆపవచ్చు. అసలు ఎవరినీ ఆపకూడదని ప్రభుత్వం అనుకుంటే అలాగే కొనసాగించుకోవచ్చు.

ఈ సవరణను చాలా బడులు సగమే చెబుతాయి. ‘డిటెన్షన్ మళ్లీ వచ్చింది కదా’ అంటాయి. వచ్చింది రెండు తరగతులకే. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు, ఏడు తరగతుల్లో ఆపడానికి 2019 సవరణ కూడా ఎక్కడా వీలు కల్పించలేదు. అయిదులో, ఎనిమిదిలో అయినా ఆపాలా వద్దా అని తేల్చేది ప్రభుత్వం, ప్రిన్సిపాల్ కాదు, మేనేజ్‌మెంట్ అంతకన్నా కాదు. కేంద్రం తన పరిధిలోని కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల వంటి వాటికి 2024 డిసెంబరులో నిబంధనలు తెచ్చి ఈ రెండు తరగతుల్లో ఆపడానికి అనుమతించింది. అప్పటికి 16 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాలు ఆ దారిలో వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో లేదు. కాబట్టి నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక ప్రైవేటు బడి ‘రూల్స్ మారాయి’ అంటే తల్లిదండ్రులు అడగాల్సింది ఒక్కటే: ఏ జీవో, నంబరెంత, తేదీ ఎంత? జీవో ఉంటే చూపించడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇష్టపూర్వకంగా రాసిచ్చాం అన్నంత మాత్రాన ఆపవచ్చని కూడా చట్టంలో ఎక్కడా లేదు. ఈ హక్కు పిల్లవాడిది. తల్లిదండ్రులు దానికి కాపలాదారులే. భయంతోనో మొహమాటంతోనో సంతకం పెట్టేసినవాళ్లు కూడా అక్కడితో అంతా అయిపోయిందనుకోనక్కర్లేదు. ‘ఫలానా తేదీన రాసిచ్చిన లేఖను ఉపసంహరించుకుంటున్నాం, మా అబ్బాయిని అయిదో తరగతికి పంపండి’ అని మళ్లీ రాసిచ్చి, ఆఫీసులో రిసీవ్డ్ స్టాంపు వేయించుకోవాలి.

ఇది ప్రైవేటు బడులకు వర్తించదని ఎవరైనా అంటే నమ్మాల్సిన పని లేదు. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడులకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో తేల్చింది. ఒక్క మినహాయింపు మాత్రం నిజంగా ఉంది. మైనారిటీ సంస్థలు నడిపే బడులకు ఈ చట్టం వర్తించదని 2014 మేలో అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మిషన్ బడులకు పాత పేరున్న నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహాన్ని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం లేవనెత్తి, పెద్ద ధర్మాసనం పరిశీలనకు పంపింది. అది తేలేదాకా పాత తీర్పే నిలబడుతుంది. కాబట్టి గొడవకు దిగే ముందు పిల్ల చదివే బడికి మైనారిటీ హోదా ఉందో లేదో కనుక్కోవాలి. పేరులో ‘సెయింట్’ ఉన్నంత మాత్రాన ఆ హోదా ఉన్నట్టు కాదు. దానికి సర్టిఫికెట్ ఉంటుంది, చూపించమని అడగవచ్చు.

ఈ రక్షణకు తరగతి హద్దులూ ఉన్నాయి. ఎల్‌కేజీ, యూకేజీ ఒకటో తరగతికి ముందువి. 16వ సెక్షన్ మాట్లాడేది ఒకటి నుంచి ఎనిమిది వరకే. తొమ్మిదో తరగతిలో తప్పిన పిల్లల విషయంలో బోర్డు నిబంధనలే వర్తిస్తాయి. పదో తరగతిలో శాతం తగ్గుతుందన్న భయంతో కొన్ని బడులు తొమ్మిదిలోనే వడపోత పెడతాయి. అక్కడ ఈ చట్టం అండ ఉండదు కాబట్టి జవాబు పత్రాలు చూపించమని, మళ్లీ పరీక్ష పెట్టమని ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది.

బడులు ఎంచుకునే రెండో దారి ఇంకా నొప్పించేది. ‘సరే సార్, ప్రమోట్ చేస్తాం. కానీ టీసీ తీసుకెళ్లండి. మా స్టాండర్డ్‌కి మీ పాప సరిపోదు.’ ఇది ఆపడం కాదు, పంపించేయడం. 2019 సవరణ ఎన్ని మార్చినా దీన్ని మార్చలేదు. ఎనిమిది పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదన్న మాట 16వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్‌లో అలాగే ఉంది. చదువు రాదని టీసీ చేతిలో పెట్టడం ఆ మాటకు నేరుగా విరుద్ధం. ఇక్కడ కూడా బడి అడిగేది తల్లిదండ్రుల దరఖాస్తే. ‘సొంత కారణాల వల్ల టీసీ కోరుచున్నాము’ అని రాయమంటారు. అదే ‘కోరుచున్నాము’ మళ్లీ వచ్చింది. కారణం సొంతది కానప్పుడు అలా రాయకూడదు. రాయక తప్పకపోతే, ‘మా పాపను కొనసాగించలేమని బడి చెప్పినందువల్ల’ అని ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆ ఒక్క వాక్యం చూసి చాలా బడులు వెనక్కి తగ్గుతాయి.

బడి మారాలని తల్లిదండ్రులే అనుకుంటే కథ వేరు. సర్కారు బడికో ఎయిడెడ్ బడికో మారే హక్కు చట్టంలోనే ఉంది. హెడ్మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి. ప్రైమరీ వరకైతే మన దగ్గర రికార్డు షీటు అంటారు. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. పొగాకు వేలం డబ్బు చేతికి అందక ఫీజు బాకీ పడ్డ ఇళ్లలో ఫీజూ చదువూ కలిసిపోతుంటాయి. బాకీ కట్టేదాకా ‘ప్రమోటెడ్’ అని రాసేది లేదంటారు, కార్డు ఆపుతారు. బాకీ ఉంటే ఉన్నట్టే. దాన్ని వసూలు చేసుకునే దారులు బడికి ఉన్నాయి. ఫీజు కాగితమూ చదువు కాగితమూ ఒకటి కాదని మర్యాదగానే, కానీ రాతలో చెప్పాలి. ఫీజు ఎప్పటిలోగా కడతారో కూడా అదే లేఖలో రాస్తే మాటకు బలం వస్తుంది.

మూడో దారి కొత్త బడిలో ఎదురవుతుంది. ఊళ్లో మూడో తరగతి పూర్తిచేసిన పిల్లను తీసుకుని కావలికో నెల్లూరుకో వస్తే, అడ్మిషన్ కౌంటర్ దగ్గర చిన్న పరీక్ష పెట్టి, ‘ఒక క్లాసు తగ్గించి చేర్చుకుంటాం’ అంటారు. ఇది ఎంత మామూలైపోయిందంటే తల్లిదండ్రులే ముందుగా ‘తగ్గించి అయినా పర్లేదు మేడమ్’ అంటున్నారు. సీటు ఇవ్వాలో వద్దో తేల్చడానికి పిల్లలకు పరీక్ష పెట్టడాన్ని 13వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారి తప్పు చేస్తే 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల వరకు జరిమానా ఉంది. పిల్ల ఏ స్థాయిలో ఉందో తెలుసుకుని దానికి తగ్గట్టు పాఠం చెప్పడానికి పరీక్ష పెడితే అభ్యంతరం ఎవరికీ ఉండదు. రికార్డు షీటులో ‘నాలుగో తరగతికి అర్హురాలు’ అని రాసి ఉన్నప్పుడు ఆ పిల్లను మళ్లీ మూడులో కూర్చోబెట్టడం మాత్రం పాఠం చెప్పడం కిందికి రాదు.

ఒక ఏడాదికేముందిలే అనుకునేవాళ్లు కొన్ని లెక్కలు చూడాలి. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే ఆ ఏడాదే అయిదు చదువుతుండాలి. అయిదో తరగతి రెండోసారి చదివే పిల్లలు అర్హులు కారు. సైనిక్ స్కూలు ఆరో తరగతికి మార్చి 31 నాటికి వయసు 10 నుంచి 12 ఏళ్ల మధ్య ఉండాలి. కాస్త ఆలస్యంగా ఒకటిలో చేరిన పిల్లవాడు ఇంకో ఏడాది పోగొట్టుకుంటే ఆ హద్దు దాటిపోతాడు. ఇంకో ఏడాది ఫీజు, బస్సు, పుస్తకాలు ఎలాగూ ఉంటాయి. వీటన్నిటికన్నా బరువైనది ఇంకొకటి ఉంది. జూన్‌లో తన తమ్ముడి వయసు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని, కిటికీలోంచి తన పాత స్నేహితులు పై అంతస్తుకు వెళ్లడం చూసే తొమ్మిదేళ్ల పిల్లవాడి ముఖం. శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ 17వ సెక్షన్ ఒకే గాటన కట్టి నిషేధించింది. ‘వీడు ఫెయిల్ బ్యాచ్’ అని క్లాసులో నలుగురి ముందు అనడం కూడా ఆ పరిధిలోకే వస్తుందని గట్టిగా అడగవచ్చు.

అయితే, బడి చెప్పేది ప్రతిసారీ అబద్ధమనుకోవడం కూడా పిల్లలకు మేలు చేయదు. నాలుగో తరగతిలో పేరా చదవలేకపోవడం నిజమైన సమస్య. పై తరగతికి పంపిస్తే అది దానంతట అదే పోదు. కాకపోతే ఆ సమస్యను ఎవరు తీర్చాలన్నది చట్టం స్పష్టంగానే చెప్పింది. ప్రతి పిల్ల ఎంత నేర్చుకోగలుగుతోందో గమనించడం, వెనకబడితే అదనంగా చెప్పడం, హాజరు గురించీ చదువు గురించీ తల్లిదండ్రులతో క్రమంగా మాట్లాడటం టీచర్ల విధులని 24వ సెక్షన్ రాసింది. ఆ అదనపు పాఠం డబ్బులు తీసుకునే ట్యూషన్ కాకూడదని 28వ సెక్షన్ అడ్డం పెట్టింది.

అందుకే ప్రిన్సిపాల్ గదిలో అడగాల్సిన ప్రశ్నలు కోపంతో కాకుండా నోటుబుక్కులతో మొదలవ్వాలి. జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షలు ఎన్నో జరిగాయి. మొదటిసారి మార్కులు తగ్గింది ఎప్పుడు? ఇంటికి ఎప్పుడు చెప్పారు? ఆ తర్వాత అదనంగా ఏం నేర్పారు, ఎన్ని రోజులు? జవాబు పత్రాలు ఒకసారి చూడవచ్చా? పది నెలలు ‘గుడ్, కెన్ డూ బెటర్’ అని రాసి, చివరి నెలలో ‘బేస్ లేదు’ అంటే తప్పు పిల్లవాడి ఒక్కడిది కాదు. జవాబు పత్రాలు దగ్గర పెట్టుకుని చూస్తే కొన్నిసార్లు అసలు విషయం బయటపడుతుంది. లెక్క తెలుసు, ప్రశ్న చదవడం రాలేదు. లేదా జవాబు తెలుసు, ‘బి’ని ‘డి’గా తిప్పి రాస్తున్నాడు, లైను మీద అక్షరం నిలవడం లేదు.

ఈ రెండో రకం పిల్లల గురించి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో కలిగే ప్రత్యేక అభ్యసన ఇబ్బందులను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు అలాంటి పిల్లలను త్వరగా గుర్తించి, వాళ్లకు తగ్గట్టు బోధన మార్చాలని ఆ చట్టం కోరుతుంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి వెసులుబాట్లు కూడా అందులో ఉన్నాయి. ఇలాంటి పిల్లవాణ్ని అదే క్లాసులో మళ్లీ కూర్చోబెడితే అదే పాఠం, అదే పద్ధతిలో, రెండోసారి అర్థం కాకుండా పోతుంది. మన రాష్ట్రంలో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి ప్రత్యేక టీచర్లు ఇలాంటి పిల్లలతోనే పనిచేస్తారు. పిల్లవాడు ప్రైవేటు బడిలో చదువుతున్నా మండల విద్యాశాఖ కార్యాలయంలో అడిగి దారి తెలుసుకోవచ్చు. అంతకన్నా ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. వెనక బెంచీ నుంచి బోర్డు కనపడకే మార్కులు తగ్గిన పిల్లలు ఉంటారు.

మాటలతో తేలకపోతే రాతలోకి రావాలి. మొదటి లేఖ బడికే. పిల్ల పేరు, తరగతి, బడి ఏమన్నది, ఏ తేదీన అన్నది, ఏ సెక్షన్ కింద ఆపుతున్నారో రాతపూర్వకంగా చెప్పమని అడగడం, ఇంతే. ఒక పేజీ దాటనక్కర్లేదు. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. జవాబు రాకపోతే ఆ లేఖ నకలుతో మండల విద్యాశాఖాధికారికి, అక్కడా కదలకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెడితే దానికి నంబరు వస్తుంది, ఆ నంబరుతో ఫైలు ఎక్కడుందో వెతుక్కోవచ్చు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం పిల్లల హక్కు మీద వచ్చిన రాతపూర్వక ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లోపు, ఇరుపక్షాల మాటా విని, తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

సమాచార హక్కు చట్టం కూడా ఇక్కడ పనికొస్తుందని చాలామందికి తట్టదు. ప్రైవేటు బడిని నేరుగా అడగలేకపోవచ్చు. కానీ ఒక చట్టం కింద ప్రైవేటు సంస్థ నుంచి ప్రభుత్వ కార్యాలయం రాబట్టగల సమాచారాన్ని ఆ కార్యాలయం ద్వారా అడగవచ్చు. బడికి ఉన్న గుర్తింపు ఏ తరగతి వరకు, మైనారిటీ హోదా ఉందా, ఈ ఏడాది ఎంతమందిని అదే తరగతిలో ఉంచారు అని విద్యాశాఖ కార్యాలయానికి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10.

మూడు నెలలంటే ఎండాకాలం సెలవులు అయిపోయి కొత్త ఏడాది మొదలైపోతుంది. అందుకని ఫిర్యాదు సాగుతున్నా పిల్లను ఇంట్లో ఉంచకూడదు. సాధారణంగా జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ మొదటి వారంలోనే పిల్ల పేరు హాజరు పట్టీలో ఏ తరగతి కింద రాశారో, బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ఏ తరగతి చూపిస్తోందో అడిగి చూసుకోవాలి. బడిలో నోటిమాటగా ‘అయిదులోనే కూర్చోబెట్టాం కదా’ అన్నా, ఆన్‌లైన్ రికార్డులో నాలుగే ఉంటే రేపు బడి మారేటప్పుడు ఆ నాలుగే పిల్లవాడి వెంట వస్తుంది. తప్పుంటే ఆ వారంలోనే సరిచేయమని బడికి రాసిచ్చి, నకలు మండల విద్యాశాఖ కార్యాలయంలో ఇచ్చి స్టాంపు వేయించుకోవాలి.